ఉపగ్రహానికి కూర్చున్న లచ్చమ్మ

ఎదురుగా ఒక మనిషి కూర్చోకపోతే శివశంకర్ గారికి మామిడిపండు బొమ్మ కూడా వచ్చేది కాదు.

మనిషి బొమ్మ గీయడానికి మనిషిని కూర్చోబెట్టుకోవడం చిత్రకారులందరూ చేసేదే. శివశంకర్ గారి వ్యవహారం అక్కడితో ఆగేది కాదు. పండు గీయాలన్నా ఆయనకు మనిషి కావాలి. పంపుసెట్టు గీయాలన్నా మనిషి కావాలి. కిరాణా దుకాణం బోర్డు మీద ఉత్త అక్షరాలు రాయాలన్నా మనిషే కావాలి. ఆ మనిషి కుర్చీలో కూర్చోవాలి, లేవకూడదు, చేతిలో ఏ పనీ ఉండకూడదు. నిద్రపోతే మాత్రం ఆయనకు అభ్యంతరం లేదు. పైగా, నిద్రపోయినవాళ్లు కదలరు కనుక గీత తిన్నగా వస్తుందని సంతోషించేవారు.

ఆయన సొంత ఊరు నార్సింగి. అక్కడి పాలకేంద్రం బోర్డు మీద బర్రె బొమ్మ వేయమని కొమురయ్య అడిగితే, ఆయన కొమురయ్యనే స్టూలు మీద కూర్చోబెట్టారు.

"బర్రె బొమ్మకు నేనెందుకు శివన్నా? బర్రె గా దొడ్ల ఉన్నది గదా!"

"బర్రెను గీడ కూసోబెడ్తే ఆడ పాలిచ్చేదెవరు, నువ్వా? సప్పుడు జెయ్యక కూసో."

కొమురయ్య పూటంతా కూర్చున్నాడు. పూర్తయిన బర్రె ఎంత సజీవంగా వచ్చిందంటే, దారిన పోయే దూడలు బోర్డు కింద ఆగి మెడలు చాచేవని నార్సింగి వాళ్లు ప్రమాణం చేసి చెబుతారు. బర్రెకు అచ్చం కొమురయ్య కళ్లు వచ్చాయని కూడా అన్నారు. "పోనీ, గా కండ్లు ఒక్కదానికన్న అక్కరకొచ్చినయ్" అని కొమురయ్య భార్య అన్నదట.

మాదాపూర్‌లో ఒక పంక్చర్ దుకాణానికి టైరు బొమ్మ వేసినప్పుడు ఆ దుకాణదారుణ్ణే కూర్చోబెట్టారు. అతను కూర్చున్న కాసేపటికే గురక పెట్టాడు. గాలి పోయిన స్కూటర్లతో గిరాకీలు వరుస కట్టారు. వారిలో ఒకాయన దుకాణదారుణ్ణి తట్టి లేపబోతే, శివశంకర్ గారు కుంచె అడ్డం పెట్టారు.

"టైరు ఇంక ఆరలే. ముట్టకుండ్రి."

ఇటువంటి మనిషికి, కొత్తగా కట్టిన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ముఖద్వారంలోని పెద్ద గోడను అప్పగించిన సాహసం రోహిణిది. తొంభై ఎనిమిదో సంవత్సరం చివరి రోజులవి. మాదాపూర్‌లో ఏ పక్క చూసినా క్రేన్లు, అద్దాలు, వాటి మీద కమ్ముకున్న దుమ్ము. రోహిణి ఆ కంపెనీలో పరిపాలన విభాగంలో కొత్తగా చేరింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ముఖద్వారం గోడకు బొంబాయిలో ముద్రించిన పోస్టరు అతికిద్దామని పై అధికారి నరసింహమూర్తి గారు అన్నప్పుడు, ఈ చుట్టుపక్కల చిత్రకారుల చేత చేయించడమే సముచితమని ఆమె వాదించింది. నార్సింగి బస్సులోంచి ఆమె ఆ బర్రెను చూసింది. అంతటి బర్రెను గీసినవారు దేన్నైనా గీయగలరన్నది ఆమె నమ్మకం.

నరసింహమూర్తి గారిది గోదావరి జిల్లా. కోపం వచ్చినకొద్దీ ఆయన మర్యాద పెరిగేది.

"సరేనండీ రోహిణి గారూ. బాధ్యత మీదే. వచ్చే వారం శుక్రవారం ప్రారంభోత్సవం. అమెరికా నుంచి పెద్దలొస్తున్నారు. వాళ్లు లోపలికి అడుగుపెట్టేసరికి గోడ మీద బొమ్మ ఉందనుకోండి, మీ ఉద్యోగం ఖాయం. లేదనుకోండి, ఆ గోడా ఖాళీయే, మీ కుర్చీ కూడా ఖాళీయేనండీ."

"ఉంటుంది సార్."

"ఏం బొమ్మో చెప్పారా ఆయనకి? మధ్యలో భూగోళం, పక్కన కంప్యూటరు, పైన ఉపగ్రహం. సమాచార యుగం అంటే అదేనండీ. ఆయనకి ఏం కావాలో అన్నీ ఇచ్చేయండి. తర్వాత సాకులు చెప్పకూడదు."

ఈ చివరి మాటను రోహిణి అక్షరాలా అమలుచేసింది. తర్వాత జరిగిన ఉపద్రవమంతా ఆ మాటలోంచే పుట్టింది.

శివశంకర్ గారు రంగుల డబ్బాలు వేలాడుతున్న లూనా మీద వచ్చారు. యాభై దాటిన మనిషి, చొక్కా మీద సకల వర్ణాలూ ఉన్నాయి. గోడను ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి చూసి, "మేడమ్, కుర్చీ కావాలె. మెత్తది. చేతులు పెట్టుకునేది" అన్నారు.

"తప్పకుండా. మీరు కూర్చోవడానికేనా?"

"నాకెందుకు? భూగోళానికి."

అతిథుల కోసం తెప్పించిన దిండు కుర్చీ ఫ్యాను కిందికి చేరింది. అందులో మొదట కూర్చున్నవాడు గేటు దగ్గర కాపలా ఉండే ఆంజనేయులు.

"భూగోళం గుండ్రంగ ఉంటది గదా మేడమ్. ఆంజనేయులు పొట్ట సూసిండ్రా?" అన్నారు శివశంకర్ గారు.

"నా పొట్ట మీద పడ్డరేంది అందరు?" అంటూనే ఆంజనేయులు టోపీ తీసి కళ్ల మీద పెట్టుకున్నాడు. రెండో కాపలాదారు రాకపోవడంతో రాత్రి డ్యూటీ, పగటి డ్యూటీ అతడే చేస్తున్నాడు. మధ్యాహ్నానికల్లా భూగోళం సన్నగా గురక పెట్టసాగింది.

కంప్యూటర్‌కు ఊడ్చే రాజమ్మ కూర్చుంది. ఉపగ్రహానికి మాత్రం ఎవరూ నచ్చలేదు. శివశంకర్ గారు భవనం వెనక్కి వెళ్లారు. అక్కడ రెండో భాగం ఇంకా కడుతున్నారు. సిమెంటు తట్టలు మోసే ఆడకూలీలలోంచి లచ్చమ్మను వెంటబెట్టుకుని వచ్చారు. పాలమూరు వైపు మనిషి. చీర మీద భర్త ఫుల్‌చేతుల చొక్కా వదులుగా వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది. ఆ మెత్తని కుర్చీని చూసి భయపడి, దాని పక్కన నేల మీద కూర్చోబోయింది.

"గీడ గాదు, కుర్చీల. ఉపగ్రహం నేల మీద ఉంటదా?" అని శివశంకర్ గారు కసిరారు.

లచ్చమ్మ వెనుకనే మేస్త్రీ చంద్రయ్య పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్, గీ పెయింటర్ నా లేబర్‌ను గుంజుకపోతుండు! తట్టలెవరు మొయ్యాలె? కూసున్నోళ్లకు నేను హాజరెయ్య!"

నరసింహమూర్తి గారి ఆజ్ఞ రోహిణికి గుర్తుంది. చిత్రకారుడు అడిగినవారిని పంపవలసిందేనని, కూర్చున్న పొద్దు కూడా కంపెనీ పని కిందే లెక్క అని చెప్పి చంద్రయ్యను పంపేసింది. అతడు వెళుతూ వెళుతూ, "ఉపగ్రహమంట! నేను ఇరవై ఏండ్ల సంది మేస్త్రీ పని జేస్తున్న, నన్నెవడన్న చంద్రుని లెక్క కూసోబెట్టిండా?" అని గొణిగాడు.

అప్పటి నుంచి ఉపగ్రహం రోజూ వచ్చింది. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేచేది. మళ్లీ కూర్చుంటే పొద్దుగూకేటప్పుడు లేచేది. గోడ మీద మాత్రం తెల్లరంగు పూత, దాని మధ్య బొగ్గుతో గీసిన ఒక వృత్తం తప్ప మరేమీ లేదు. రోహిణి రోజుకు పదిసార్లు ముఖద్వారంలోకి వచ్చి చూసేది. ప్రతిసారీ ఆ వృత్తం ఆమెను కన్నార్పకుండా చూసేది.

ఒకనాడు ఉండబట్టలేక, ఒక క్రమంలో తెలుసుకుందామని మొదలుపెట్టింది.

"శివశంకర్ గారూ, మీకు బొమ్మ గీయాలన్న ఊపు ఎక్కడి నుంచి వస్తుంది?"

"కుర్చీల కెల్లి."

"అది కాదండీ. మీ సాధన గురించి అడుగుతున్నాను. పని ఎలా మొదలవుతుంది?"

"మనిషి కూసుంటది. మొదలైతది."

"కూర్చుని ఇన్ని రోజులైంది కదా! మరి ఉపగ్రహం మొదలవలేదేం?"

"ఉపగ్రహం కష్టం మేడమ్. గాలిల ఉంటది. కింద ఏ ఆసర ఉండది. గసొంటి దాన్ని పట్టాల్నంటే జర ఓపిక గావాలె."

"ప్రారంభోత్సవం శుక్రవారమండీ!"

"మస్తు టైం ఉన్నది. ఫికర్ జేయకుండ్రి."

రోహిణికి ఆకలి మందగించింది. భోజనం డబ్బా మూత తీస్తే అందులో కూడా గుండ్రటి వృత్తమే కనిపించేది. అది చపాతీ అని గుర్తించడానికి ఆమెకు క్షణం పట్టేది.

ప్రారంభోత్సవపు వారం మొదలైంది. సోమవారం పొద్దున నరసింహమూర్తి గారు తనిఖీకి వచ్చారు. తళతళలాడే కొత్త రాతి నేల, పూలకుండీలు, అన్నీ చూసి మెచ్చుకుంటూ గోడ దాకా వచ్చి ఆగిపోయారు. గోడ మీద వృత్తం. గోడ ముందు నేల మీద బాసింపట్టు వేసుకున్న శివశంకర్ గారు. అతిథుల కుర్చీలో, ఫ్యాను కింద, నోరు కాస్త తెరిచి గాఢంగా నిద్రపోతున్న ఒక సిమెంటు పని మనిషి.

"ఎవరండీ ఈవిడ?"

ఆంజనేయులు ముందుకొచ్చి సెల్యూట్ కొట్టాడు.

"ఉపగ్రహం సార్."

నరసింహమూర్తి గారు అతి మర్యాదగా అన్నారు.

"ఆవిడ గారిని దయచేసి లేపండి. ఈ కుర్చీని దయచేసి తీసేయండి. ఈ నిమిషం నుంచి ఇక్కడ ఎవరూ దేనికీ కూర్చోకూడదండీ. రోహిణి గారూ, నేను బొంబాయికి ఫోను చేసి పోస్టరు సిద్ధంగా ఉంచమంటున్నాను. బుధవారం సాయంత్రం ఇక్కడికొస్తాను. అప్పటికి గోడ మీద బొమ్మ కనిపించలేదో, పోస్టరుకి కబురెళ్తుంది. మీ లెక్కలు కూడా అప్పుడే తేల్చేద్దాం."

లచ్చమ్మ ఉలిక్కిపడి లేచి, కుర్చీకి అంటిన సిమెంటును కొంగుతో తుడిచి, వెనుక పనిలోకి వెళ్లిపోయింది. కుర్చీ మేడ మీదికి వెళ్లింది. శివశంకర్ గారు కుంచెను డబ్బా మీద అడ్డంగా పెట్టారు.

"ఇగ రాదు మేడమ్."

మంగళవారం ఉదయమూ రాలేదు. ఆయన గోడను చూస్తూ కూర్చున్నారు. రోహిణి ఆయనను చూస్తూ నిలబడింది. చివరికి ఒక కుర్చీ తానే లాక్కొచ్చి, ఆంజనేయులును తలుపు దగ్గర కాపలా పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"గీయండి. నేను కదలను."

ఆయన ఆమెను ఎగాదిగా చూసి తల అడ్డంగా ఊపారు.

"మీరు కూసుంటే రాదు."

"ఏం? నాలో లోపమేమిటండీ?"

"లోపమేం లేదు. మీరు దినాం కూసునే ఉంటరు గదా."

ఆ మాటలో అర్థమేమిటో తెలియక, అవమానం మాత్రం బాగా తెలిసి, రోహిణి విసురుగా లేచింది. సరే, లచ్చమ్మనే ఎలాగో దొంగచాటుగా తెద్దామని భవనం వెనక్కి నడిచింది.

అక్కడ చెక్కల వాలు మీదుగా కూలీలు వరుసగా పైకి తట్టలు మోస్తున్నారు. లచ్చమ్మ సగం ఎక్కి, ఒక చేత్తో తట్టను, మరో చేత్తో నడుమును పట్టుకుని ఆగిపోయింది.

"ఏ లచ్చమ్మా! ఫోటువ దిగుతున్నవా? నడువు!" కింద నుంచి చంద్రయ్య అరిచాడు.

గాలికి చొక్కా ఒంటికి అతుక్కుంది. అప్పుడు కనిపించింది రోహిణికి. ఇన్నాళ్లుగా తన ఎదుటే, ఆ వదులు చొక్కా కింద ఉన్నది.

లచ్చమ్మ తట్ట దింపి వచ్చేదాకా ఆగి, ఆమెను ఇటుకల చాటుకు పిలిచింది.

"ఎన్నో నెల లచ్చమ్మా?"

"ఏడు నిండినయ్ మేడమ్. అమాస దాటినంక మా అమ్మగారింటికి పోత. అందాక మొయ్యాలె."

"చంద్రయ్యకు తెలియదా?"

"ఎరుకైతే పనిల పెట్టుకోడు. అందుకనే గీ చొక్క." అంటూ ఆమె మేస్త్రీ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "గా పెయింటర్ సారు బాగున్నడా? కోపమొచ్చిందా నా మీద?"

"నీ మీద కోపమెందుకు? నీవు లేకపోతే ఉపగ్రహం రాదంటున్నారు. నీ ముఖంలో ఏం చూసి గీసేవారో!"

లచ్చమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"సూసుడా? నా దిక్కు ఒక్కనాడు సూడలే మేడమ్. గోడ దిక్కు మొఖం బెట్టి కూసునేటోడు. నేను జర లేవబోతే ఎన్కకు తిరగకనే 'ఉపగ్రహం కదుల్తదా? కండ్లు మూస్కో' అనేటోడు."

"మరి నీకేమీ అనిపించలేదా?"

"పిచ్చోడనుకున్న. అందరు పిచ్చోళ్లు గిట్లనే ఉంటే మంచిగుండు అనుకున్న."

రోహిణి ఇటుకల పక్కనే నిలబడిపోయింది. రెండు డ్యూటీలు చేసిన ఆంజనేయులు. పొద్దున్నే వచ్చి మూడు అంతస్తులూ ఊడ్చే రాజమ్మ. నలుగురూ చెప్పుకోగా విన్న కొమురయ్య, తెల్లవారుజాము నుంచి పాలు పిండే మనిషి. రోడ్డు పక్కన వంగి వంగి నడుం పడిపోయిన పంక్చర్ దుకాణదారు. భూగోళమూ, కంప్యూటరూ, బర్రే, టైరూ ఒక్కసారిగా ఆమె కళ్ల ముందు వరుసగా కూర్చున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ ఆ పూట నిలబడగలిగే స్థితిలో లేదు.

ఆమె తిరిగి ముఖద్వారంలోకి వచ్చేసరికి శివశంకర్ గారు అదే చోట ఉన్నారు.

"మీకు ఎదురుగా మనిషి అక్కర్లేదు కదూ?"

ఆయన కుంచె కొసను గుడ్డతో తుడవసాగారు.

"బొమ్మ మీకు ఎప్పుడో వచ్చేసింది కదూ?"

"వచ్చింది." నెమ్మదిగా అన్నారు. "మీరు గోడ జూపిచ్చిన్నాడే వచ్చింది. గా మూల కెల్లి గీ మూల దాంక."

"మరి గీయలేదేం?"

"గీస్తే అయిపోతది గదా మేడమ్. అయిపోతే కుర్చీ లేస్తది."

రోహిణికి ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. కోపం ముందు బయటపడింది.

"లచ్చమ్మ కుర్చీ గురించి ఆలోచించారు. బాగుంది. మరి నా కుర్చీ? రేపు సాయంత్రం బొమ్మ లేకపోతే నా ఉద్యోగం పోతుంది. మిమ్మల్ని తెచ్చింది నేను, పూచీ పడింది నేను!"

శివశంకర్ గారు దిగ్గున లేచారు. ఆయన ముఖంలో రంగు మారడం రోహిణి మొదటిసారి చూసింది.

"నీ నౌకరి పోతదా? గీ బొమ్మకా?"

"మరి శుక్రవారం, శుక్రవారం అని రోజూ ఎందుకు మొత్తుకున్నాననుకున్నారు?"

"ఆఫీసోళ్లు శుక్రవారమంటే వచ్చే నెల అనుకున్న! నా జిందగీల చెప్పిన రోజుకు ఏ దుకాణం తెరిచిండ్రు? గా ముచ్చట ముందుగాల జెప్పొద్దా బిడ్డా! ఆగం జేసినవ్ గదా నన్ను!"

ఆయన గబగబా డబ్బా మూత తీశారు. నీలం కలిపారు. కుంచె ముంచి, గోడ దాకా ఎత్తారు. చేయి అక్కడే నిలిచిపోయింది. వెనుక నుంచి చంద్రయ్య కేకలు సన్నగా వినిపిస్తున్నాయి. ఆయన కుంచె దించేశారు.

"రాదు."

"శివశంకర్ గారూ!"

"నీ మీద ఒట్టు, నాటకం గాదు. మనిషి అక్కర్లేదన్నవ్ సూడు, గది సగమే నిజం. నేను పటాల మీద సినిమా బొమ్మలు ఏసే కాడ పనికి చేరిన్నాడు, తినక సొమ్మసిల్లేటట్టున్న. మా ఉస్తాద్ 'నువ్వు గుర్రం బొమ్మకు కావాలె, కూసో' అన్నడు. చాయ్ దాపిచ్చిండు. దినాం కూసోబెట్టిండు. బొమ్మ టాకీసు మీదికెక్కినంక పోయి, నేనేడున్ననా అని గుర్రాన్ని తోక దాంక ఎతికిన. ఏడ లేను!" ఆయన నవ్వబోయి ఆపుకున్నారు. "అలసిన పాణం జర సల్లవడితే, ఎన్క కెల్లి గా ఊపిరి ఇనవస్తది. అప్పుడు నా చెయ్యి లేస్తది. అది తప్ప నాకు వేరే ఇద్దె రాదు. ఆమె ఆడ తట్ట మోస్తుంటే నేను గీడ సల్లటి భూగోళం ఎట్ల గియ్యాలె?"

రోహిణి గోడను చూసింది, ఆయనను చూసింది, వెనుక తలుపును చూసింది. తర్వాత మేడమెట్ల వైపు చూసింది. మూడంతస్తుల మెట్లు, వాటి పక్కన మూడంతస్తుల ఖాళీ గోడలు.

"ఈ ఒక్క గోడ అయిపోతే కుర్చీ లేచిపోతుందనే కదా మీ దిగులు? ఉండండి, ఇప్పుడే వస్తాను."

నరసింహమూర్తి గారు ఫోనులో ఉన్నారు. ఆమెను చూసి ఫోను పెట్టేశారు.

"సార్, ఉపగ్రహం కావాలి."

"మీకు కూడా పట్టిందా అండీ?"

నిజం రోహిణి నోటి చివరిదాకా వచ్చింది. చెబితే ఆయన జాలిపడవచ్చు. ఆ వెంటనే, కూలీలు గుత్తేదారు మనుషులు, మనకు సంబంధం లేదని కూడా అనవచ్చు. పైగా ఆ మాట చంద్రయ్య చెవిన పడితే లచ్చమ్మకు అమావాస్య దాకా ఆ తట్ట కూడా ఉండదు. ఆమె నిటారుగా నిలబడింది.

"రేపు సాయంత్రానికి గోడ పూర్తవుతుంది సార్. కాకపోతే మీరు లెక్కలు తేల్చనక్కర్లేదు, నేనే రాజీనామా ఇస్తాను. అయితే రెండు పనులు కావాలి. లచ్చమ్మ మళ్లీ కుర్చీలో కూర్చోవాలి. మేడమెట్ల గోడలు కూడా శివశంకర్ గారికే ఇవ్వాలి. వాటికీ మనుషులు కూర్చుంటారు."

"గాల్లో తిరిగే యంత్రానికి మనిషెందుకండీ?"

"నాకూ తెలియదు సార్. అది ఆయన పద్ధతి. పద్ధతి మార్చిన రోజు నుంచి గీత పడలేదు. అది మీరూ చూశారు."

"కూర్చున్న రోజుల్లోనూ పడలేదు కదండీ!"

రోహిణి మాట మార్చింది.

"సార్, మీరు నార్సింగి బర్రెను చూశారా?"

"ఏ బర్రెనండీ?"

"ఒక్కసారి చూసి ఉంటే మీరు ఈ ప్రశ్న వేసేవారు కాదు."

నరసింహమూర్తి గారు ఆమెను తేరిపారచూశారు. బర్రెను చూడని లోటు తన వాదనలో ఉన్నదని ఆయనకు అనిపించిందో, రాజీనామా మాట నచ్చిందో తెలియదు.

"రేపు సాయంత్రం. దీపాలు పెట్టకముందు. ఆ తర్వాత బర్రె కాదు కదా, ఐరావతమొచ్చి చెప్పినా వినను."

బుధవారం ఉదయం కుర్చీ కిందికి దిగింది. లచ్చమ్మ కూర్చుంది. శివశంకర్ గారు గోడకు ముఖం పెట్టి, వీపు ఆమె వైపు తిప్పి నిలబడ్డారు. కొంతసేపు ఏమీ జరగలేదు. రోహిణి గోళ్లు కొరుక్కుంది. తర్వాత లచ్చమ్మ తల ఒక పక్కకు వాలింది, శ్వాస దీర్ఘమైంది. ఆ వెంటనే కుంచె లేచింది.

అలా లేచిన చేయి మధ్యాహ్నం దాకా దిగలేదు. బొగ్గు వృత్తం నిండి సముద్రాలైంది. ఖండాలు ఒకటొకటిగా తేలాయి. ఇంజనీర్లు పనులు మాని మెట్ల మీద గుమిగూడారు. భూగోళం పూర్తయి, కంప్యూటరు సగంలో ఉండగా కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. లచ్చమ్మ నుదుట చెమట పట్టింది. ఆమె కదిలింది. గోడ మీద కుంచె నిలిచిపోయింది.

రోహిణి గడియారం చూసింది. జనరేటరు ఇంకా బిగించలేదు. ఆంజనేయులు ఎక్కడి నుంచో కంప్యూటరు పెట్టె అట్ట ఒకటి చించుకొచ్చి, కుర్చీ పక్కన నిలబడి విసరడం మొదలుపెట్టాడు. అతడి చేయి నొప్పిపెడితే రాజమ్మ అందుకుంది. రాజమ్మ తర్వాత రోహిణి అందుకుంది. పేరున్న కళాశాలల్లో చదివివచ్చిన ఇద్దరు ఇంజనీర్లు కూడా, ఎందుకో తెలియకుండానే, ఉపగ్రహానికి వంతులవారీగా విసిరారు.

లచ్చమ్మ మళ్లీ నిద్రలోకి జారుకుంది. చేయి మళ్లీ లేచింది.

నరసింహమూర్తి గారు వచ్చేసరికి ఎండ ఇంకా అద్దాల మీద ఉంది. శివశంకర్ గారు ఉపగ్రహం రెక్కకు చివరి తెల్లగీత పెట్టి పక్కకు జరిగారు. ఆజ్ఞాపించినవన్నీ ఉన్నాయి: భూగోళం, కంప్యూటరు, ఉపగ్రహం. కానీ ఆ భూగోళం రోజంతా తిరిగి తిరిగి, ఇంటికి వచ్చి కాసేపు చేరగిలబడినట్టుంది. ఉపగ్రహం దాని మీద రెండు రెక్కలు చాచి, లేపవద్దని అందరికీ చెబుతున్నట్టుంది.

నరసింహమూర్తి గారు ముందుకు వెళ్లి చూశారు. వెనక్కి వచ్చి చూశారు. రోహిణి చేతిలోని అట్ట చెమటకు మెత్తబడింది.

"ఏవిటోనండీ," అన్నారాయన చివరికి, "దీన్ని చూస్తే కూర్చోవాలనిపిస్తోంది."

శుక్రవారం వచ్చిన పెద్దలు కూడా ఆ గోడ ముందు అనుకున్నదానికన్నా ఎక్కువసేపు కూర్చున్నారు. ఆ సాయంత్రం నరసింహమూర్తి గారు రోహిణిని పిలిచి, మర్యాదలేవీ లేకుండా, "సోమవారం నుంచి నీ ఉద్యోగం ఖాయం, పొద్దున్నే రా" అన్నారు. ఆయన మర్యాద తగ్గించారంటే సంతోషించారన్నమాట.

మెట్ల గోడలకు ఏం వేయాలన్నది రోహిణి నిర్ణయానికే వదిలేశారు. కొత్త భవనాల కోసం పగలగొడుతుంటే చుట్టుపక్కల ఒకటొకటిగా మాయమవుతున్న బండరాళ్లను వేయమని ఆమె చెప్పింది. అమావాస్య దాటేదాకా, పొద్దున నుంచి పొద్దుగూకేదాకా, లచ్చమ్మ బండరాయికి కూర్చుంది. తర్వాత ఆ చొక్కాను ఉతికి భర్తకు ఇచ్చేసి పుట్టింటికి వెళ్లింది.

ఆమె వెళ్లిన మరునాడు లిఫ్టు పాడైంది. నరసింహమూర్తి గారు దాన్ని బాగుచేయించడానికి పొద్దున నుంచి మూడంతస్తులూ ఎక్కుతూ దిగుతూనే ఉన్నారు. మధ్యాహ్నం వేళ మొదటి అంతస్తు మలుపులో, ఖాళీ కుర్చీ పక్కన, శివశంకర్ గారు తల గోక్కుంటూ కనిపించారు.

"సార్, పరేషాన్ల ఉన్న. ఈ పెద్ద బండకు మనిషి దొరుకుత లేడు. మీ అసొంటి భారీ మనిషైతే మంచిగొస్తది."

నరసింహమూర్తి గారు పైకి చూశారు, కిందికి చూశారు. ఎవరూ లేరు.

"ఒక్క నిమిషమేనండీ. నా ముఖం ఎడమవైపు నుంచి బాగుంటుంది."

"గట్లనే సార్. కండ్లు మూస్కోండ్రి. బండలకు కండ్లుండయ్."

కాగితాలతో పైనుంచి దిగివస్తున్న రోహిణి మలుపులో ఆగిపోయింది. గోడకు ముఖం పెట్టి ఉన్న శివశంకర్ గారు వెనక్కి తిరగకుండానే ఒక వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. ఆమె చెప్పులు చేత పట్టుకుని, మునివేళ్ల మీద దిగి వెళ్లింది.

ఆ తర్వాత కంపెనీకి ఏ అతిథి వచ్చినా, లిఫ్టు చక్కగా పనిచేస్తున్నప్పటికీ, నరసింహమూర్తి గారు వాళ్లను మెట్ల మీదుగానే తీసుకువెళ్లేవారు. మొదటి మలుపులో ఆగి, గోడ మీద అన్నిటికన్నా పెద్ద బండను వేలితో చూపించి, గొంతు సవరించుకునేవారు.

"ఇది నేనేనండీ. ఎడమవైపు నుంచి."

అతిథులు బండనూ ఆయననూ మార్చి మార్చి చూసి, పోలిక బాగా కుదిరిందనే అనేవారు.